చేప పొలుసంత దీవి

గోపాలపురంలో లైట్‌హౌసు వెనక
కూలిన గిడ్డంగి మొండిగోడ నీడలో
వల బాగుచేస్తూ మా చిన్నాయన చోడిపల్లి దానేసు
ఒక దీవి గురించి చెప్పేవాడు.

పేరు నోరు తిరిగేది కాదు. ఒక్కోసారి ఒక్కో పేరు.
ఇటలీకీ అవతలి కొండలకీ మధ్యన
అడ్రియాటిక్ అనే ఇరుకు సముద్రం,
మన చిలికా సరస్సుకి అక్కలాంటిదట.
"తేడా ఏటంటే, దాని అడుగు కనిపిస్తాది.
లంగరు ఏ పక్కకి ఒరిగి తొంగుందో కూడా కనిపిస్తాది."

ఓడలో వంటవాడు. ఇంజను చెడి
నలభై రోజులు అక్కడే ఆగిపోయారు.

ఇసక లేదట. నమ్మబుద్ధయ్యేది కాదు మాకు.
ఒడ్డంతా తెల్లరాయి.
పిడికెడు మన్ను దొరికితే చుట్టూ రాళ్లు పేర్చి
అందులో ఒక్క ద్రాక్షతీగ పాతుతారట.
కప్పుమీద పడ్డ వాననీళ్లు గచ్చు తొట్లోకి దించి
ఎండాకాలమంతా కొలుచుకు తాగుతారట.
అమావాస్య ముందు రాత్రుల్లో
పడవ ముక్కున దీపం వేలాడేసి కవళ్లను పిలుస్తారట.
"మన కవళ్లే! ఉప్పేసే తీరు ఏరు."

ఎవరెవరు ఏలారో వేళ్లు మడిచి చెప్పేవాడు:
వెనిస్ షావుకార్లు,
ఒక చక్రవర్తి, ఇంకో చక్రవర్తి,
ఆ తరవాత సైన్యం,
కొండ తొలిచి జలాంతర్గాములు దాచుకుని
బయటివాడు కాలు పెట్టకుండా ఏళ్లకేళ్లు మూసేసిందట.
చిటికెన వేలు మిగిలేది. దాన్ని మడవకుండా
గిడ్డంగి గోడకేసి చూసేవాడు.
ఇక్కడినించే కదా మా ముత్తాత
రంగూన్ ఓడెక్కి, ఉత్తరం ముక్కయినా లేకుండా పోయింది.

"అంత బాగుంటే ఉండిపోలేకపోయావా?"
ఎండుచేపలు తిరగేస్తూ మా పిన్ని చిత్తెమ్మ అందొకసారి.
ఆయన సూది ఆపాడు.
బాగుండడం గురించి కాదు, అన్నాడు.
రేవులో ఒక ముసలామె వలలు అల్లేది.
ఇంట్లో ఒక మాట, బడిలో నేర్చింది వేరే మాట,
కచేరీ కాగితంమీద మూడో మాట.
అల్లేటప్పుడు లెక్క మాత్రం
ఇంటిమాటలోనే, పెదాలు కదుపుతూ.
"వలకన్నుల లెక్క. నువ్వు లెక్కెట్టినట్టే.
నాకా నలబై రోజులూ ఊరు మారినట్టే నేదు."

నా బడి అట్లాసు ఒడియాలో ఉండేది.
రెండుసార్లు వెతికాను. ఆ నీలంలో చుక్కే లేదు.
చిన్నాయన బొటనవేలికి అంటుకున్న పొలుసొకటి తీసి
ఇటలీ మడమకి పైన, కుడిపక్కన అతికించాడు.
"ఇక్కడ. కాస్త అటూ ఇటూ."

పరీక్షలో దాని గురించి ఎవరూ అడగలేదు.
మేష్టారు ఆ పేజీ తెరిచి
ముక్కు మూసుకున్నారు.