చేమదుంపల పడవ

బుధవారం రాత్రి పోర్ట్స్‌మత్ రేవులో
మూటలెక్కించి, ఆ మూటల మీదే నడుం వాలుస్తాను.
చేమదుంపలు పన్నెండు బస్తాలు, అరటి గెలలు,
అల్లం, ఒక గోనెలో సీమపనస కాయలు.
తెల్లారితే ఆంటిగ్వా.
ఇరవై రెండేళ్ళుగా సముద్రం నాకు
సంతకు పోయే దారి, అంతే.

ఈసారి పక్కన ఒక కుర్రాడు, ఆల్బన్,
మా డొమినికా వాడే.
కొత్త బూట్లు సంచిలో దాచి
పాతవి తొడుక్కుని ఎక్కాడు.
హోటల్లో దుప్పట్లు ఉతికే పని దొరికిందట.
"థియోలిన్ అత్తా, నువ్వు రెండు దీవులూ చూశావు గదా,
బతకడానికి ఏది మేలు?"

ఏం చెప్పను.
రెండు చోట్లా ఒకటే నోటు నాయనా,
అదే రంగు, అదే తాబేలు బొమ్మ.
మా ఊళ్ళో దాన్ని తీస్తే "చిల్లర లేదు" అంటారు.
అక్కడ తీస్తే "ఇంకోటి ఉందా" అంటారు.

ఏడాదికి ఎన్ని రోజులో
మా దీవికి అన్ని ఏర్లని చెప్పుకుంటాం.
వాళ్ళ దీవికి అన్ని ఇసుక తీరాలట.
నేను లెక్కపెట్టలేదు, ఎవరూ పెట్టినట్టూ లేరు.
మా ఏటిలో ఈదొచ్చు, బట్టలుతకొచ్చు,
దోసిట పట్టి తాగొచ్చు.
జీతం మాత్రం ఎంత గాలించినా దొరకదు.

సెయింట్ జాన్స్‌లో నా దగ్గర ఖాతా ఉన్న వెర్లిన్
బ్యాంకులో పని చేస్తుంది.
జపాను కారు, గచ్చు ఇల్లు, మనిషెత్తు ఫ్రిజ్.
రాత్రి రెండింటికి అలారం పెట్టుకుని లేచి
కొళాయి ముందు బకెట్లు వరస పెడుతుంది.
పైపు గురగురమని దగ్గి
ఒక్కో రాత్రి గాలి కక్కి ఊరుకుంటుంది.
పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని
కళ్ళు నులుముకుంటూ జనం డబ్బు లెక్కపెడుతుంది.

తుఫాను వచ్చిన ఏడు
మా అందరి కప్పులూ కొండ మీంచి ఎగిరిపోయాయి.
ఏరు మా తమ్ముడి ఇంట్లోకి ముందు గుమ్మం నుంచి వచ్చి
మేకల్నీ మంచాన్నీ పట్టుకుని
వెనక గుమ్మం నుంచి వెళ్ళింది.
నెలల తరబడి కరెంటు లేదు.
నీళ్ళకు మాత్రం ఏ లోటూ లేదు.
అప్పుడు వెర్లిన్ నా పాత బాకీ కొట్టేసి
పడవలో రేకులు పంపింది, ఎనిమిది,
మేకులు మర్చిపోయింది.

ఇదంతా కుర్రాడికి చెప్పలేదు.
చెబుదామనుకునేసరికి నా బస్తా మీద తల పెట్టి
నిద్రపోతున్నాడు.

రేవు కనబడగానే లేచి బూట్లు మార్చుకున్నాడు.
పాతవి ఎక్కడ పెట్టాలో తెలీక
చేత్తో పట్టుకునే వరసలో నిలబడ్డాడు.

కస్టమ్స్ బల్ల దగ్గర నా సామాను రాస్తున్న ఆయన
చివర్లో తెల్ల క్యాన్ దగ్గర ఆగాడు.
"ఇదేంటి?"
"నీళ్ళు. మా ఏటివి. వెర్లిన్ రుచి చూస్తానంది."
"విలువ?"

వెనక జనం గొణుగుతున్నారు.
తమ్ముడి మంచం గుర్తొచ్చింది,
రెండు గంటల అలారం గుర్తొచ్చింది.
"ఒక డాలర్ రాసుకో" అన్నాను.
ఆయన కలం ఎత్తి, నా మొహం చూసి,
ఏమీ రాయకుండా ముద్ర కొట్టాడు.

సాయంత్రం వెర్లిన్ ఆ క్యానును
ఫ్రిజ్‌లో పెట్టింది, పెళ్ళి కేకును పెట్టినట్టు.
చేమదుంపలు తూకం వేసి, లెక్క చూసుకుని
నేను లేవబోతుంటే
గాజు గ్లాసు నిండా పోసి ముందు నాకే ఇచ్చింది.

పళ్ళు జివ్వుమన్నాయి.
యాభై ఆరేళ్ళు ఆ ఒడ్డునే పుట్టి పెరిగాను,
మా ఏటి నీళ్ళు ఇంత చల్లగా
నేనెప్పుడూ తాగలేదు.