హాజరు

కందుకూరు పొగాకు గోడౌన్లో
హాజరు పుస్తకం నాది.
మాలకొండమ్మా అంటే
మూడు గొంతులు లేస్తాయి.

పొట్టి మాలకొండమ్మ అని రాస్తే
రెండ్రోజులు మాట్లాడలేదు ఒకామె.
ఇక ఊళ్ళు తగిలించా:
పోకూరు, వలేటివారిపాలెం, లింగసముద్రం.

ముగ్గురూ ఆ కొండకి మొక్కితే పుట్టినోళ్ళే.
పైన దేవుడు శనివారమే తలుపు తీస్తాడు.
"ఆరు రోజులు సెలవు ఆయనకి.
పేరొక్కటే మాది, పనొక్కటి కాదు సామీ"
అంటది పోకూరు, ఆకు దులపతా.

మొన్న సోమవారం లింగసముద్రం రాలేదు.
లింగసముద్రానికి జ్వరమంట.
ఒక రోజు కూలి తెగితే
ఆ ఇంట్లో వారమంతా తాలింపుండదు,
అది గోడౌన్ మొత్తానికీ తెలుసు.

మాలకొండమ్మా, పిలిచా.
ఉన్నా.
ఉన్నా.
ఫ్యాను రెక్క రెండు చుట్లు తిరిగినాక
కొంగు చాటునుంచి ఇంకో గొంతు,
కొంచెం బొంగురుగా:
ఉన్నా.

తలెత్తలేదు నేను.
పొగాకు ఘాటుకి తుమ్మొచ్చింది,
కళ్ళు తుడుచుకుని చూస్తే
మూడు టిక్కులు పడున్నాయి.

యజమాని అడిగితే ఏం చెప్పాలో
ఇంకా అనుకోలేదు.
నా పేరు మాల్యాద్రి.
అదే కొండ,
కాస్త చదువుకున్నదంతే.