ఏటిపాలు

జూన్ పదకొండు. నాంట్ హెలిగ్ ఒడ్డున
ఎక్స్‌కవేటర్ ఇంజన్ ఆపి కూర్చున్నాను.
అద్దె బండి, రోజు లెక్క.
చేపల శాఖ అమ్మాయి టెస్ని
రెండు చేతులూ ఎత్తి నన్నాపింది.
"ఒడ్డులో గూళ్ళున్నాయి."

దిగి చూశాను.
ఏరు నిలువునా కోసిన ఇసుక గోడ.
అందులో పిడికిలి పట్టేంత బొరియలు, నలభై ఒకటి.
ఆఫ్రికా నుంచి ఎగిరొచ్చిన మట్టిరంగు పిట్టలు
ఏరు కొరికిన చోటే ఇళ్ళు తవ్వుకున్నాయి.
కోత ఆగితే వాటికి గోడ లేదు.
ఆగకపోతే మెరెరిడ్‌కి పొలం లేదు.
మధ్యలో నేను,
రెండు లీవర్లకీ పని చెప్పలేక.

"పోయిన చలికాలం ఏడడుగులు" అంది మెరెరిడ్,
గొర్రెల్ని లెక్కపెట్టే గొంతుతోనే.
"కంచె రెండుసార్లు వెనక్కి జరిపాను.
మూడోసారి జరిపితే కొట్టం మధ్యలోంచి వెయ్యాలి."

పై మలుపు దాటి వెళ్తే
ఎనభై ఆరులో నేను కట్టిన గోడ ఉంది.
ఏటిని గీత గీసినట్టు తిన్నగా చేసి
రెండు పక్కలా సిమెంటు పోశాం.
పని బాగుందని కౌన్సిల్ వాళ్ళు ఉత్తరం రాశారు.
ఆ తర్వాత నీళ్ళు పారాయి.
పారడం తప్ప ఇంకేమీ చెయ్యలేదు.
ఒక కొంగ మాత్రం పాత గుంట ఉన్న చోట
రెండేళ్ళు అలవాటుగా నిలబడి
తర్వాత రావడం మానేసింది.
ఈ సంగతి టెస్నికి నేను చెప్పలేదు.
ఆమెకు తెలుసనుకుంటాను.

సెప్టెంబరు దాకా ఆగాం.
పిట్టలు వెళ్ళిపోయాయి.
అక్టోబరు రాకముందే ముగించాలి,
గుడ్లతో బరువెక్కిన తల్లి చేపలు
ఏటికి ఎదురీదుకుంటూ వచ్చేస్తాయి.
నెలకి ముప్ఫై రోజులే.
అందులో తొమ్మిది వాన.

ముందు పైనా కిందా వలలు కట్టి
ట్రౌట్ పిల్లల్ని బకెట్లతో అవతలికి మోశాం.
తర్వాత నేను బురద తోడి టార్పాలిన్ మీద పరిస్తే
టెస్ని మోకాళ్ళ మీద కూర్చుని
బియ్యంలో రాళ్ళేరినట్టు
లాంప్రే పిల్లల్ని ఏరింది.
పెన్సిలంత కూడా లేవు. కళ్ళు లేవు.
ఐదేళ్ళు బురదలోనే ఉండి
అప్పుడు కళ్ళు తెచ్చుకుని సముద్రానికి పోతాయట.
ఐదేళ్ళేనా, అన్నాను.
నాకు అరవై రెండు పట్టింది.

గాలికి పడిన ఆల్డర్ చెట్లను
వేళ్ళు నీళ్ళవైపు ఉండేలా ఒడ్డులోకి గుచ్చాను.
ఇన్నాళ్ళూ వేళ్ళు నరకడమే నా పని.
ఇప్పుడు ఒక్కో వేరూ విరక్కుండా దించమంటే
చంటిపిల్లకి చొక్కా తొడిగినట్టుంది.
లారీ నిండా కొబ్బరి పీచు చుట్టలు వచ్చాయి,
ఒడ్డు వెంట పరిచి కట్టడానికి.
కొబ్బరి చెట్టును నేను చూసింది పోస్టుకార్డు మీదే.
ఎవరి ఒంటి మీది పీచో
మా ఒడ్డుకి చాప అయింది.

బొరియల గోడ దగ్గర బండి ఆపాను.
మెరెరిడ్ వచ్చింది. అటు చూసింది, ఇటు చూసింది.
ఇరవై అడుగులు నడిచి
బూటు మడమతో ఒక మేకు దిగ్గొట్టింది.
"ఇక్కడిదాకా వదిలెయ్."
"ఏటిపాలవుతుంది, మెరెరిడ్."
"అవనీ. ఏటికి మాత్రం
ఒక పాలుండొద్దా?"

నవంబరులో విల్లో కొమ్మలు నాటాం.
జనవరి వరదకి ఒక పీచు చుట్ట తెగిపోయి
కింది వంతెనకి చిక్కుకుంది,
నా తప్పే, ముడి సరిగ్గా వెయ్యలేదు.
చెట్లు మాత్రం నిలబడ్డాయి.
వేళ్ళ వెనక నీడలో ఏదో కదిలింది,
చేపో, నా ఆశో.
మెరెరిడ్ మేకుని ఏరు తీసుకుంది.

ఏప్రిల్లో ఫోను మోగింది.
"ఒకటొచ్చింది" అంది.
"ఏం చేస్తోంది?"
కాసేపు గాలి చప్పుడు.
"గోడకి వేలాడి
తవ్వుతోంది."