నాలుగు నిమిషాల ఇసుక

గుమాస్తా గాజుగడియారాన్ని తలకిందులు చేస్తాడు.
గంట మోగుతుంది.
కాన్‌బెర్రా కొండ కడుపులో ఎన్ని గదులున్నాయో అన్నింట్లోనూ
గోడగడియారం పక్కన పచ్చదీపం కన్ను కొడుతుంది.
ఇసుక జారిపోయేలోగా లోపలుంటే ఓటు,
తలుపు మూశాక వస్తే
నాలాగే బయట నిలబడి చూడ్డం.

పంతొమ్మిదేళ్ళుగా ఇక్కడ గ్లాసుల్లో నీళ్ళు నింపుతున్నాను.
ఎవరికి ఎప్పుడు దాహమేస్తుందో తెలుసు.
అబద్ధానికి నోరెండదు,
లెక్క చెప్పాల్సొచ్చినప్పుడే ఎండుతుంది.

రాత్రి పదిన్నరకి బిల్లు వచ్చింది.
వారానికి ఏడు డాలర్ల పన్ను తగ్గింపు.
పేజీలింకా వెచ్చగా ఉన్నాయి,
ప్రింటరు దగ్గర్నుంచి మోసింది నేనే.
దాని తోకకి
ముసలివాళ్ళ మందుల ధర తగ్గించే నాలుగు వాక్యాలు కుట్టేశారు.
కాదంటే అవ్వల మాత్రలు లాక్కున్న పాపం,
ఔనంటే ఎదుటివాడి జెండా మోసిన పాపం.
కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి.
ప్రతిపక్షం బల్లల వెనక
విప్ డెస్మండ్ క్వర్క్ చెవి గోక్కుంటున్నాడు.

ముప్పైమంది మాట్లాడతామని పేర్లిచ్చారు.
తొమ్మిదిమంది మాట్లాడారు.
పదో మనిషి, ఇనుపగనుల ఊరి బ్రాన్విన్ థీల్,
"అధ్యక్షా, ఈ డబ్బు ఎక్కడి..." అంది.
ఎదుటివైపు నుంచి ఒక కుర్రాడు లేచి
కాగితం చూసి చదివాడు:
సభ్యురాలి మాట ఇక వినబడకూడదని తీర్మానం.
మళ్ళీ ఇసుక. మళ్ళీ గంట.
వినబడకూడదని డెబ్భై ఎనిమిది మంది,
వినబడాలని అరవై తొమ్మిది.
ఆమె కూర్చుంది.
నేను నీళ్ళు పోశాను.
ఆ వాక్యం "ఎక్కడి" దగ్గరే ఉండిపోయింది,
రికార్డు రాసేవాళ్ళు దాని చివర ఒక గీత గీశారు.

పన్నెండింటికి ప్రతిపక్ష నాయకుడు లేచి
మోసమన్నాడు, లంచమన్నాడు,
జనం డబ్బుతో జనాన్ని కొనడమన్నాడు.
అని, బిల్లుకి అనుకూలంగా ఓటేశాడు.
పొద్దున ఏడింటికి రేడియోలో,
మేమొస్తే ఇది రద్దు,
దీని బదులు పెట్రోలు మీద లీటరుకి పాతిక సెంట్లు తగ్గింపు,
ఒక్క ఏడాది మాత్రమే.
ఆ "మాత్రమే"ని దగ్గుతో కలిపి మింగాడు.

క్వీన్‌బియన్‌లో మా పక్కింటి జోరాన్ పెట్రెవ్‌స్కీ
ట్రక్కు తోలతాడు.
పార్లమెంటులో పని అంటే
ఖజానా తాళాలు నా నడుమున వేలాడుతున్నాయనుకుంటాడు.
"అదంతా సరే మర్లీన్, మొత్తానికి నాకెంత?"
చెత్తడబ్బా మూత మీద ఫోను పెట్టి లెక్కేశాం.
వీళ్ళొస్తే ఇంత. వాళ్ళొస్తే అంత.
వంటింటి కిటికీలోంచి స్నేజానా అరిచింది:
రొట్టె ఎంత పెరిగిందో అదీ తీసెయ్యండి!
తీసేశాం.
అద్దెలో పెరిగింది కూడా.
తీసేశాం.
ఇద్దరం ఆ అంకె వైపు కాసేపు చూశాం.
ఫోనులో మైనస్ గుర్తు మరీ సన్నంగా ఉంటుంది,
కళ్ళజోడు లేని జోరాన్ సంతోషంగా తలూపాడు.
నేనేమీ చెప్పలేదు.

చివరిరోజు సభ ఖాళీ అయ్యాక
బల్లల మీద కాగితాలు ఏరుతుంటే
పన్ను బిల్లు అంచున, పెన్సిలుతో, ఎవరి చేతిరాతో:
412. చుట్టూ సున్నా.
మళ్ళీ 412. మళ్ళీ సున్నా, ఈసారి కాగితం చిరిగేలా.
డాలర్లు కావవి.
కిందటిసారి ఆయన గట్టెక్కిన ఓట్లు.
ఏ నియోజకవర్గమో చెప్పను, నా ఉద్యోగం అలాంటిది.
కానీ ఆ నలభై పేజీల్లో
రెండుసార్లు సరిచూసుకున్న లెక్క అదొక్కటే.

బయట మెట్ల మీద ఒకాయన
సభ రద్దయిందని చదివాడు.
వినడానికి ముగ్గురు కెమెరావాళ్ళు, ఒక మాగ్‌పై పిట్ట.
లోపల గాజుగడియారంలో ఇసుకంతా కిందికి చేరింది.
బల్ల తుడవడానికి దాన్ని ఎత్తి
రెండుచేతులా నిటారుగా పట్టుకున్నాను,
తిరగబడితే ఎక్కడ గంట మోగుతుందోనని,
పిచ్చి భయం.

థీల్ గారి గ్లాసు నిండుగానే ఉంది.
పారబోసి, కడిగి, బోర్లించి
ఆరింటి బస్సెక్కాను.
డ్రైవరు వెనక చిన్న కాగితం అంటించి ఉంది:
సోమవారం నుంచి కొత్త ఛార్జీలు.