రెండు సిలిండర్ల బండి

ముప్పై నాలుగేండ్లు
స్టీరింగు లేని కొలువు నాది.
కాజీపేట నుంచి బల్లార్షా దాకా
పట్టాలు ఎటంటే అటు.
మలుపులు గూడ ఎవరో ముందే వంచిపెట్టినయే.

అందుకేనేమో
రిటైరైన నెల
మిషను దవాఖాన వెనక
కోళ్లు పొదుగుతున్న రేకు బండిని చూసి
ఆగిపోయిన.

ఎప్పుడో ఫ్రాన్సు నుంచి వచ్చిన నర్సమ్మదట.
కుష్ఠు రోగుల వాడలకు మందులు మోసిందట.
ముడతలు ముడతల బానెట్టు,
వానకాలం కప్ప కండ్ల లెక్క
బయటికి పొడుచుకొచ్చిన రెండు లైట్లు.
"తూకానికి ఏద్దామనుకున్నం" అన్నడు వాచ్‌మెన్ యోహాను.
తూకం కంటె నాలుగు వేలు ఎక్కువిచ్చిన.

"ఇంజను పిచ్చి ఇంక తీరలేదా?" అన్నది భూలక్ష్మి.

సగం పార్టులు
మండిబజార్ల ఖలీల్ మియా లేతు మీద పుట్టినయి.
ఫ్రెంచి అక్షరం ఆయనకు రాదు, నాకు రాదు.
అరిగిన ముక్కను బొటనవేలితో తడిమి
"సమజైంది" అనేటోడు.
పైకప్పు గుడ్డ
ఎనుమాములల మిర్చి బస్తాల మీద కప్పిన తాడ్పత్రి.
ఇప్పటికీ ఎండల నిలబెడితే
లోపల కూసున్నోళ్లకు తుమ్ములే.

నడిపే ముచ్చట వేరే.
గేరు కింద ఉండదు,
ముందటి రేకుల నుంచి గొడుగు పిడి లెక్క వస్తది.
గుంజాలె, మెలిపెట్టాలె, మళ్ల నూకాలె.
మొదటి రోజు ముందుకు పోదామని వెనక్కి పోయి
పాలోని సైకిలుకు ముద్దు పెట్టిన.

రేడియేటరు లేదు, నీళ్లడగదు.
మే నెల రామగుండం రోడ్డు మీద
కొత్త కార్లు నోర్లు తెరిచి ఆవిరి కక్కుతుంటె
మాది గాలి తాక్కుంట పోతది, ఒంటె లెక్క.
మలుపు తిరిగితె
అలావ చుట్టు తిరిగే పీరు లెక్క ఒరుగుతది.
ఎక్కినోళ్లు దేవుణ్ణి తలుచుకుంటరు.
పడదు.

సీట్లంటె
రబ్బరు పట్టీలకు ఏలాడే గుడ్డ, నులకమంచమే.
హసన్‌పర్తిల ఎత్తుకున్న కల్లు లొట్టి
గుంతల రోడ్డంత దాటి
నురుగు చెదరకుండ ఇల్లు చేరింది.
అదే రోడ్డు మీద
అల్లుని పెద్ద కారుల పెరుగు గిన్నె బోర్లపడ్డది.
ఆయన ముందట ఈ మాట అనను.

అరవై దాటదు.
అరవైల
పత్తి ఏరే చేతుల గాజులు ఏ రంగో కనపడ్తది.
ఎవరింట్ల ఎల్లిపాయ తాలింపు పెట్టిన్రో తెలుస్తది.

వైపర్లు మాత్రం
చక్రంతోని కలిపి కట్టిన తీగ మీదనే బతుకుతయి:
బండి ఉరికితె ఉరుకుతయి,
ఆగితె ఆగుతయి.
మొన్న శ్రావణంల కమలాపూర్ దాటినంక
ఒక్కటే వాన.
ఉప్పల్ గేటు పడ్డది. బండి ఆపిన. అద్దం మాయమైంది.
భూలక్ష్మి చెయ్యి చాపి
వైపరు పిడి పట్టుకొని
ఇసుర్రాయి తిప్పినట్టు తిప్పుతున్నది,
అటు, ఇటు.

ఈ గేటును ఎన్ని వేల సార్లు దాటిననో
అంత పట్టాల మీద నుంచే.
గేటు అవతల వానల తడుస్తరని,
ముసలోళ్లు ఇట్ల కూసుంటరని
పై నుంచి ఎన్నడు చూడలే.

"నీ ఇంజన్ల నన్ను ఒక్కసారన్న ఎక్కించుకున్నవా?"
ఆమె అద్దం దిక్కే చూస్తున్నది.
రూలు లేదు అందామనుకున్న.
అప్పట్ల గూడ గదే చెప్పిన.

సింగరేణి బొగ్గు బండి వచ్చింది.
పెట్టెలు లెక్కబెట్టుడు నాకు అలవాటు,
యాభై ఎనిమిది.
డ్రైవరు పోరడు మా బండిని చూసి
పొడుగ్గ హారన్ కొట్టిండు.
"నువ్వు గూడ కొట్టరాదు" అన్నది.
కొట్టిన.
మేకపిల్ల అరిచినట్టు వచ్చింది.
ఇద్దరం నవ్వినం. ఆమె చెయ్యి ఆపలేదు.

గేటు లేసింది. వెనక లారీ ఆగుతలేదు.
గొడుగు పిడి గుంజి
"ఇంటికేనా?" అన్న.
"కుడికి తిప్పు."
"అటు ఏమున్నది?"
"ఏమో. తిప్పు."