ఎడమచేతి కప్పు

సురినామ్‌లో, చెరుకుతోటల మధ్య, ఏటి ఒడ్డున
మా బడి గోడకి ఒక పటం వేలాడేది:
"మన వలసలోని జాతులు".
ఆరు గళ్ళు, ఆరుగురు ఆడవాళ్ళు.
ఏ గడిలో మనిషి ఆ గడిలోనే.

యుఫ్రావ్ క్లాసెన్ బెత్తంతో సైగ చేసేది.
సుగియా వెళ్ళి హిందుస్తానీ గడి కింద నిలబడాలి,
ఫిలిపీనా క్రియోల్ గడి కింద,
సరినెమ్ అనే నేను జావా గడి కింద.
నా నెత్తిమీద ఒకావిడ తలొంచుకుని
ఎవరికో టీ అందిస్తూనే ఉండేది.
డచ్చిలో అప్పజెప్పాలి:
"నేను జావా స్త్రీని. నేను నెమ్మదస్తురాలిని."
ఒక్క తప్పు పోయేదాన్ని కాదు.

విరామంలో ముగ్గురం ఒకే పచ్చిమామిడికాయ కొరుక్కుంటూ
స్రానన్‌లో తిట్టుకునేవాళ్ళం.
అది ఫిలిపీనా వాళ్ళమ్మ భాష,
మాకు అప్పిచ్చింది, వడ్డీ అడగలేదు.
లోపల నోరు జారితే సబ్బునీళ్ళు పుక్కిలించాలి.
ఇప్పటికీ కొన్ని మాటలు నాకు నురగ రుచే.

ఒక సాయంత్రం ఆ టీ ఆవిడని పలకమీద గీసి
అమ్మకి చూపించాను.
కాంట్రాక్టు కాగితం మీద నిశానీ వేసి ఓడెక్కిన మనిషి.
దీపం దగ్గరికి లాక్కుని చూసి
"ఎడమ చెయ్యి" అంది.
"మనవాళ్ళు బిచ్చగాడికైనా ఎడమచేత్తో పెట్టరే.
ఎవరిది?"

వానలు వెలిశాక ఇన్‌స్పెక్టరు దొర పడవ దిగాడు.
నాకు సారంగ్ చుట్టబెట్టి, కప్పిచ్చి పంపారు.
నడవాల్సింది ఆరు బల్లల దూరం.
నాలుగో బల్ల దగ్గర
చెయ్యి మార్చాను.

దొర పటం చూశాడు, నన్ను చూశాడు.
"అచ్చు గుద్దినట్టుంది!" అన్నాడు, మీసాలు తడుపుకుంటూ.
యుఫ్రావ్ కళ్ళు చెమ్మగిల్లాయి.

ఇంటికొచ్చి, ఊపిరాడకుండా నవ్వుతూ చెప్పాను.
అమ్మ నవ్వలేదు.
"వచ్చినవాడు గదా" అంది,
"దాహమని వచ్చినవాడు."
నా ఎడమ చేతిని ఒళ్ళో పెట్టుకుని
కొడుతుందో నిమురుతుందో తెలియనివ్వకుండా
దీపం కొండెక్కేదాకా కూచుంది.

ఇప్పుడా బడిలో పంతులమ్మని నేనే.
పటం దింపేశాను. సున్నం మీద
దాని చదరపు మచ్చ మాత్రం పోలేదు.
కొత్తగా చేరిన పిల్ల అడుగుతుంది, అక్కడేముండేదని.
చూపించబోతూ
ఏ చెయ్యి లేచిందో ముందు చూసుకుంటాను.