గాలికి వదిలిన చిల్లు

పగలు దాని డిక్కీలో వేరుశెనగ విత్తనాల సంచులుంటాయి.
సన్యాసినాయుడి పాత ఎస్టీం అది.
నంబరు ప్లేటుంది, ఇన్సూరెన్సుంది,
అద్దానికి వేలాడే నిమ్మకాయ ఉంది.
నెలకో ఆదివారం మాత్రం
పావు మైలుని పన్నెండు సెకన్లలో మింగేస్తుంది.

పోయిన్నెల గీత దాటాక బ్రేకులు ఎర్రగా కాలాయి,
బండెళ్ళి చెరకుతోటలో ఆగింది.
తోట మనిషికి నష్టం కట్టాడు,
రేడియేటర్లోంచి చెరకాకులు నేనే లాగాను.
ఆ రోజు నుంచీ నా షెడ్లో స్టూలు మీద కూర్చుని టీ తాగుతున్నా
నాయుడి కుడికాలు
నేలని తొక్కుతూనే ఉంది.

"ఎనకాల గొడుగొకటి కడదాం" అన్నాను.

బంపరుకి కట్టకూడదు.
బంపరు సిగ్గుకోసం, బలంకోసం కాదు.
ఛాసిస్ పట్టీలకి రెండు ఇనప చేతులు అతికించాను,
తాడు ఎక్కడ తగిలించాలో సుద్దముక్కతో గీశాను, చెరిపాను.
మరీ పైనుంటే బండి మూతి లేస్తుంది,
మరీ కిందుంటే తోక లేస్తుంది.
బండికీ ఒక నడుముంటుందని
ఇన్నేళ్ళ పనిలో ఇప్పుడు తెలిసింది నాకు.

గుడ్డ కుట్టడానికి పైడమ్మ.
జూట్‌మిల్లు గేటుకి తాళం పడ్డ ఏడు
బకాయి జీతం బదులు కుట్టుమిషను మోసుకొచ్చిన మనిషి.

"ఏటి బావూ, సంచీయా?"
"సంచే అప్పా, గాలికి."
"గాలికేటి సంచి!"

నైలాను గుడ్డని చెంపకి ఆనించి చూసింది.
తాళ్ళన్నీ ఒక్క పొడుగు, మూర కొలిచి మళ్ళీ కొలిచింది.
పట్టీకీ పట్టీకీ మధ్య సందు వదలాలన్నాను,
అక్కడ మిషను ఆగిపోయింది.
"ముప్పై ఏళ్ళు గింజ కారకుండా కుట్టినాను.
ఇప్పుడు సిల్లులెట్టమంతావేటి?"
గాలంతా పట్టుకుంటే చిరిగిపోద్ది అప్పా,
కొంత పోనిస్తేనే నిలబడుద్ది అన్నాను.
సూదిలో దారం ఎక్కిస్తూ ఏదో ఆలోచించి
"మా ముసిలోడికీ అలాగే ఒదిల్నాను తాడు" అంది.
మిషను మళ్ళీ నడిచింది.

గంటస్తంభం దగ్గర కానిస్టేబులు ఆపాడు.
"ఎనకాల ఆ మూటేటి?"
"గొడుగు సార్."
"ఎండకా, వానకా?"
"ఆగడానికి."
ఆయన మూట చుట్టూ ఒక తిరుగుడు తిరిగి
పిన్నుకున్న ఎర్ర రిబ్బను లాగబోయాడు.
నాయుడు అంత గట్టిగా అరవడం నేనెప్పుడూ వినలేదు.
ఆ పిన్ను రోడ్డు మీద తియ్యకూడదు,
పరుగప్పుడు మరిచిపోకూడదు.

బాడంగి పాత రన్‌వే మీద మొక్కజొన్న ఆరబోసినవాళ్ళు
గోనెపట్టాలు ఓ పక్కకి జరిపి దారిచ్చారు.
మొదటిసారి మీట లాగితే
మూట విచ్చుకోకుండా తడితువ్వాల్లా నేల మీద ఈడ్చుకొచ్చింది.
పిల్లలు నవ్వారు.
మడత నాదే తప్పు.
నేను తాళ్ళు పట్టుకున్నాను, పైడమ్మ మడిచింది,
పెళ్ళిపట్టుచీర మడిచినంత నిమ్మళంగా.

రెండోసారి
ముందు తాడు బిగిసింది.
తరవాత శబ్దం,
ఎవరో మేడ మీద దుప్పటి ఒక్కసారి దులిపినట్టు.
నారింజరంగు పొట్ట నిండా గాలి.
బండి నడుం దగ్గర ఎవరో ఆనబట్టారు.
ఆగింది. రన్‌వే ఇంకా సగం మిగిలే ఉంది.

పైడమ్మ బండికేసి చూడలేదు.
నేలబడ్డ గుడ్డ దగ్గరికి నడిచెళ్ళి
ఒక్కొక్క కుట్టూ వేలితో తడుముకుంటూ
ఎనిమిదో పట్టీ దగ్గర ఆగి, కళ్ళజోడు తీసి తుడుచుకుని,
"ఇక్కడ ఇంకో వరస ఎయ్యాల" అంది.

పల్లేరుకాయలు గుచ్చుకున్నాయి గుడ్డంతా.
ముగ్గురం నేల మీద కూర్చుని ఏరుతున్నాం.
ఎవరం ఏం మాట్లాడలేదు.
నాయుడి కుడికాలికేసి చూశాను.
ఇంకా తొక్కుతూనే ఉంది,
కాకపోతే ఇప్పుడు నెమ్మదిగా,
కుట్టుమిషను తొక్కినట్టు.